నడవమని చెప్పారా? అడిగారా?

కౌన్సెలింగ్ అన్న మాట మన చెవిన ఎక్కడెక్కడ పడుతుందో ఓసారి గుర్తు చేసుకోండి. ఎంసెట్ ర్యాంకు వచ్చాక సీటు కోసం జరిగేది ఒకటి. (ఆ పరీక్ష పేరు మారింది, మన నోరే మారలేదు.) తాగి బండి నడిపి దొరికినవాళ్లకు ట్రాఫిక్ పోలీసులు ఇచ్చేది ఇంకొకటి. పండగ ముందు రౌడీషీటర్లను స్టేషన్‌కి పిలిచి ఇచ్చేదీ కౌన్సెలింగే. మొగుడూ పెళ్లాల గొడవ ఠాణా దాకా వెళ్తే ఇద్దర్నీ కూర్చోబెట్టి చెప్పేదీ అదే. సీట్ల సంగతి వదిలేస్తే మిగతా అన్నిట్లోనూ దృశ్యం ఒక్కటే. ఒకరు మాట్లాడతారు. ఇంకొకరు తల వంచుకుని వింటారు. చివర్లో 'ఇంకెప్పుడూ ఇలా చెయ్యను సార్' అనేసి బయటపడతారు.

అందుకే ఆస్పత్రిలో 'పేషెంటుకి కౌన్సెలింగ్ ఇచ్చాం' అని కేస్‌షీట్‌లో రాస్తే మనకేమీ వింతగా అనిపించదు. ఇచ్చారంటే ఇచ్చారు. చెప్పాల్సింది చెప్పేశారు. మరి పుచ్చుకున్న మనిషికి అదెలా అనిపించింది? అది రాయడానికి కేస్‌షీట్‌లో గడి ఉండదు.

ఈ వారం ఆ లేని గడి గురించే.

పక్షవాతం నుంచి తేరుకుంటున్నవాళ్లు, మోకీలు మార్పించుకున్నవాళ్లు, గుండెకి బైపాస్ అయినవాళ్లు, ప్రమాదంలో కాలు పోయి కృత్రిమ కాలు పెట్టించుకున్నవాళ్లు... వీళ్లందరికీ ఆపరేషనో, మందులో అయిపోయాక అసలు కథ మొదలవుతుంది. దాన్ని ఇంగ్లిషులో రిహాబిలిటేషన్ అంటారు. తెలుగులో 'పునరావాసం' అంటే మనకు పోలవరం నిర్వాసితులు గుర్తొస్తారు కాబట్టి, రిహాబ్ అనే అందాం. రిహాబ్‌లో ఉన్నన్నాళ్లూ బాగానే ఉంటుంది. టైముకి ఫిజియో వస్తారు, చెయ్యి పట్టుకుని లేపుతారు, పట్టుకోవడానికి కమ్మీలుంటాయి, పక్క మంచం ఆయన మనకంటే నాలుగడుగులు ఎక్కువ వేస్తే పౌరుషం కూడా వస్తుంది. డిశ్చార్జి అయి ఇంటికొస్తాం. అక్కడ ఫిజియో ఉండరు, కమ్మీలుండవు, పక్క మంచం ఆయనా ఉండడు.

ప్రేమ మాత్రం ఉంటుంది. "నువ్వు లేవకమ్మా, మేం తెస్తాం కదా." మన ఇళ్లలో పెద్దవాళ్లకు మర్యాద అంటే కూర్చోబెట్టడం. మంచినీళ్లు చేతికి, కంచం ఒళ్లోకి, రిమోట్ పక్కలోకి. పెద్దావిడ లేచి వంటింట్లోకి వెళ్తే కొడుకు కోడలి మీద అరుస్తాడు. ఆస్పత్రిలో మూడు వారాలు కష్టపడి తెచ్చుకున్న సత్తువ మూడు నెలల్లో ఆ కుర్చీలోనే కరిగిపోతుంది. ఎవరూ చెడ్డవాళ్లు కాదు. అందరూ బాగా చూసుకున్నారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల్లో పెద్దవాళ్లు వారానికి 150 నుంచి 300 నిమిషాల పాటు ఓ మాదిరి శ్రమ చెయ్యాలని ఉంది. వైకల్యం ఉన్నవాళ్ల కోసం విడిగా సూచనలు చేర్చింది కూడా అప్పుడే. నడకే కానక్కర్లేదు, ఇంటిపనీ లెక్కలోకి వస్తుంది. కానీ ఒంట్లో ఏ జబ్బూ లేనివాళ్లే ఆ లెక్క అందుకోవడం లేదు. 2024లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్‌లో వచ్చిన అంచనా ప్రకారం మన దేశంలో పెద్దవాళ్లలో దాదాపు సగం మంది చాలినంతగా కదలడం లేదు. ఆడవాళ్లలో అయితే 57 శాతం. ఇక కాలు ఈడుస్తూ నడిచే మనిషిని, పడిపోతానేమోనన్న భయం ఉన్న మనిషిని కదలమనడం ఎంత కష్టమో ఆలోచించండి. 'నడవండి' అనే ఒక్క మాటతో అయ్యే పని కాదది. అక్కడే మాట్లాడే పద్ధతి ముఖ్యమవుతుంది.

ఆ పద్ధతికి ఒక పేరుంది. మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్. పేరు వినగానే వేదిక మీద మైకు పట్టుకుని 'మీరు సాధించగలరు' అని అరిచే మోటివేషనల్ స్పీకర్లను తలుచుకోకండి. ఇది దానికి సరిగ్గా రివర్సు.

విలియం మిల్లర్ అని అమెరికన్ సైకాలజిస్టు. తాగుడు మాన్పించే వైద్యం ఆయన రంగం. 1982లో నార్వేలోని బెర్గెన్ దగ్గర ఒక చికిత్సా కేంద్రంలో కొన్నాళ్లున్నాడు. అక్కడి కుర్ర సైకాలజిస్టులు ఆయన ముందు పేషెంట్ల వేషం వేసి మాట్లాడించేవారు. మధ్యమధ్యలో ఆపి, 'ఇప్పుడు ఆ ప్రశ్నే ఎందుకడిగారు? ఆ మాటనే ఎందుకు పట్టుకున్నారు?' అని నిలదీసేవారు. జవాబు చెప్పబోతుంటే తను ఏ పద్ధతిలో మాట్లాడుతున్నాడో ఆయనకే తెలిసొచ్చింది. 1983లో దాన్నొక వ్యాసంగా రాశాడు. తర్వాత స్టీఫెన్ రోల్నిక్‌తో కలిసి 1991లో పుస్తకం తెచ్చాడు. తాగుడు దగ్గర మొదలైన పద్ధతి సుగర్, బీపీ, సిగరెట్, వ్యాయామం దాకా పాకింది.

అందులో అసలు కిటుకు ఇదీ. మారడానికి కారణం డాక్టరు నోట్లోంచి వస్తే పేషెంటు దానికి ఎదురు కారణం వెతుకుతాడు. పేషెంటు నోట్లోంచే వస్తే తన మాట తనే వింటాడు. అవతలి మనిషి తప్పు చేస్తున్నాడనిపించగానే సరిచేసెయ్యాలన్న దురద మనందరికీ ఉంటుంది. ఆ దురదని ఆపుకోవడమే ఈ విద్యలో మొదటి పాఠం. తెలుగువాళ్లకు ఇదెంత కష్టమో వేరే చెప్పాలా? మనం బస్సులో పక్క సీటాయన మోకాలి నొప్పికి కూడా మందు చెప్పే జాతి.

రెండు సంభాషణలు ఊహించుకుందాం. పక్షవాతం వచ్చి తగ్గుముఖం పట్టిన అరవై ఐదేళ్ల ఆవిడ. ఎడమ కాలు కొంచెం ఈడుస్తుంది. మాట బాగానే ఉంది. ఇంటికెళ్లిన నెలకి చూపించుకోవడానికి వచ్చారు.

"రోజూ నడుస్తున్నారా అమ్మా?"

"ఆఁ, నడుస్తున్నానమ్మా."

"ఎంతసేపు?"

"ఏదో... ఇంట్లోనే, అటూ ఇటూ."

"అలా అయితే ఎలాగమ్మా? అరగంట నడవాలని చెప్పాను కదా. నడవకపోతే కాలు బిగుసుకుపోతుంది. మీ మంచికే చెప్తున్నా."

"అలాగేనమ్మా."

ఆ 'అలాగేనమ్మా' మనకు బాగా తెలుసు. దాని అర్థం 'ఇక వెళ్లొస్తా' అని. ఇప్పుడు రెండోది.

"ఇంటికెళ్లాక రోజు ఎలా గడుస్తోందమ్మా?"

"ఏముందమ్మా, మంచం, కుర్చీ, టీవీ. కోడలు పాపం అన్నీ చేతికందిస్తుంది."

"అన్నీ చేతికే వచ్చేస్తున్నాయి."

"వస్తున్నాయి గానీ... పొద్దున్నే వాకిట్లో ముగ్గు నేనే వేసేదాన్ని. ఇప్పుడు గుమ్మం దాటి ఇరవై రోజులైంది."

"మళ్లీ వాకిట్లోకి వెళ్లాలనుంది మీకు."

"ఉండదా మరి? ఆ మెట్టు దగ్గరే భయం. పడ్డానంటే మళ్లీ వీళ్లకే కదా కష్టం."

"సున్నా నుంచి పది దాకా మార్కులేసుకోమంటే, గుమ్మం దాటగలనన్న ధైర్యానికి ఎన్నేసుకుంటారు?"

"నాలుగు."

"రెండు కాకుండా నాలుగెందుకేశారు?"

"గోడ పట్టుకుంటే నిలబడగలను కదా! మొన్న బాత్రూమ్‌కి ఒక్కదాన్నే వెళ్లొచ్చా."

ఆ చివరి ప్రశ్న చూశారా? 'పది ఎందుకు వెయ్యలేదు?' అనడిగితే ఆవిడ భయాల జాబితా చదివేది. 'రెండెందుకు కాదు?' అంటే తన బలం తనే చెప్పుకుంది. పైగా మెట్టు దగ్గర పట్టుకోవడానికి ఒక కమ్మీ కావాలన్న సంగతి బయటపడింది. మొదటి సంభాషణలో ఆ మెట్టు ఊసే రాలేదు. టైము తేడా ఎంత? మహా అయితే రెండు నిమిషాలు.

సరే, పద్ధతి మంచిదే. కానీ ఫలానా ఆస్పత్రిలో ఫలానా ఫిజియో నిజంగా ఇలాగే మాట్లాడుతున్నారని తెలిసేదెలా? ఆవిడనే అడగొచ్చు. 'ఆఁ, నేనెప్పుడూ పేషెంటు చెప్పేది వింటానండీ' అంటారు. అబద్ధం కాదు, ఆవిడ నమ్మకమే అది. 2001లో మిల్లర్, మరో పరిశోధకురాలు కలిసి ఈ పద్ధతి మీద ఒక వర్క్‌షాపు పెట్టి, తర్వాత ఏమైందో చూశారు. హాజరైనవాళ్లు తమకు బాగా పట్టుబడిందని చెప్పుకున్నారు. రికార్డింగులు వింటే మార్పు కొద్దిగానే ఉంది. అవతల కూర్చున్నవాళ్ల మాటల్లో అయితే తేడా ఏమీ రాలేదు. తన పద్ధతి మీద తనే నిర్వహించిన వర్క్‌షాపు గురించి ఇలా ప్రచురించినందుకు ఆ మనిషి మీద నాకు గౌరవం పెరిగింది.

రెండో దారి నిపుణుల చేత వినిపించడం. సంభాషణని రికార్డు చేసి, అందులో ఇరవై నిమిషాల ముక్క తీసి, శిక్షణ ఉన్న మనిషి విని లెక్కలు వేస్తాడు. ఎన్ని ప్రశ్నలు, ఎన్ని సలహాలు, పేషెంటు చెప్పినదాన్ని ఎన్నిసార్లు తిరిగి పట్టుకున్నారు అని. పద్ధతిగా ఉంటుంది. కానీ ఖర్చు, టైము. పైగా వినేవాడికి మాటలు వినపడతాయి గానీ, ఆ మాట తగిలిన చోటు వినపడదు కదా. 'అన్నీ చేతికే వచ్చేస్తున్నాయి' అన్న వాక్యాన్నే తీసుకోండి. ఒకరికది 'నన్ను అర్థం చేసుకుంది' అనిపిస్తుంది. ఇంకొకరికి దెప్పుడులా ఉంటుంది. ఏది తగిలిందో చెప్పగలిగింది ఆవిడొక్కరే.

అంచేత మూడో దారి: విన్నవాళ్లనే అడగడం. ఇంత తేలికైన సంగతి మూడోదిగా రావడం వైద్యరంగానికే చెల్లింది.

దీనికో ప్రశ్నావళి ఉంది. అమెరికాలో సదరన్ మిసిసిపీ విశ్వవిద్యాలయానికి చెందిన మైఖేల్ మాడ్సన్ బృందం తయారు చేసింది. 16 ప్రశ్నలు, ఒక్కోదానికి నాలుగు జవాబులు: అస్సలు లేదు దగ్గర్నుంచి చాలా ఉంది దాకా. మొదట వ్యసనాల చికిత్స కోసం పుట్టింది. దాన్ని రిహాబ్‌లోకి తెచ్చింది నెదర్లాండ్స్. సైకిళ్ల దేశం కాబట్టి కదలడం మీద వాళ్లకు పట్టింపు ఎక్కువ. అక్కడ 18 రిహాబ్ సంస్థల్లో ఒక కార్యక్రమం నడిపారు, రెస్పాక్ట్ అని దాని మీద పెద్ద అధ్యయనం. పేషెంటు డిశ్చార్జి కాకముందే ఒక స్పోర్ట్స్ కౌన్సెలర్‌తో ముఖాముఖి మాట్లాడతారు. ఇంటికెళ్లాక 13 వారాల్లో నాలుగుసార్లు ఆ కౌన్సెలరే ఫోన్ చేస్తారు. ఎలా ఉంది, ఏం చేస్తున్నారు, ఎక్కడ ఆగిపోయింది అని. ఆ మాటలు పేషెంట్లకు ఎలా అనిపించాయో తెలుసుకోవడానికి ఈ ప్రశ్నావళి వాడారు. అంతకంటే మంచి పని, అసలు ఈ ప్రశ్నావళి రిహాబ్ మనుషుల విషయంలో సరిగ్గా కొలుస్తుందా లేదా అని కొలబద్దనే కొలిచారు.

ప్రశ్నలు రెండు రకాలు. కొన్ని పనితనం గురించి: మార్పులో లాభనష్టాలు బేరీజు వేసుకోవడానికి సాయం చేశారా, మీ మీద మీకు నమ్మకం కలిగించారా, అలాంటివి. కొన్ని ఇద్దరి మధ్య సంబంధం గురించి. ఇవి ఎక్కువగా తిరగేసి అడుగుతాయి. మీతో వాదనకు దిగారా? మీ లోపాల మీదే పడ్డారా? ఏం చెయ్యాలో మీకు చెప్పారా? వీటికి 'చాలా' అంటే మార్కులు పోతాయి.

ఈ ప్రశ్నావళిలో నాకు నచ్చింది ఏమిటంటే, 'మీకు తృప్తిగా ఉందా, పదికెన్ని మార్కులిస్తారు' అనకపోవడం. ఏం జరిగింది అని అడుగుతుంది. తృప్తి గురించి అడిగితే తెలుగువాడి జవాబు ఒకటే: 'బాగానే చెప్పారండీ.' క్యాబ్ దిగాక ఐదు నక్షత్రాలు నొక్కేసినట్టే. తక్కువేస్తే పాపం ఆ అమ్మాయి ఉద్యోగం పోతుందేమోనని. అందరికీ ఐదే వస్తే ఆ కొలబద్ద ఎందుకు? జ్వరం ఉన్నా లేకపోయినా 98.4 చూపించే థర్మామీటర్ లాంటిది.

ఇక దీన్ని మన ఆస్పత్రులకు తేవాలంటే ఏమవుతుందో నేను కాగితం మీద కూర్చుని ప్రయత్నించి చూశాను. ఉన్నదున్నట్టు తెలుగు చేస్తే భలే తమాషాగా వస్తుంది. 'మీ ప్రవర్తన మార్చుకోవడం గురించి కౌన్సిలర్ మాట్లాడారా?' అరవై ఐదేళ్ల పెద్దావిడని ప్రవర్తన మార్చుకోమంటే ఊరుకుంటుందా? మన భాషలో ప్రవర్తన మార్చుకోవాల్సింది తాగుబోతులూ, హెడ్మాస్టరు పిలిపించిన పిల్లలూ. ఇక కౌన్సిలర్ అంటే వార్డుకి ఎన్నికైన ఆయన. 'మీ మార్పులో కౌన్సిలర్ ఒక భాగస్వామిలా మెలిగారా?' భాగస్వామి అంటే అయితే కట్టుకున్నవాడు, లేకపోతే రైసుమిల్లులో వాటాదారు. మాటలు మార్చుకోవచ్చు లెండి. 'ఆ ఫిజియో అమ్మాయి మీతో కలిసి ఆలోచించిందా?' అంటే సరిపోతుంది. 'ప్రవర్తన' తీసేసి 'రోజూ కాస్త కదలడం' అంటే సరిపోతుంది.

మాట మార్చినా తెగని ముడి ఇంకొకటుంది. 'ఏం చెయ్యాలో మీకు చెప్పారా?' అన్న ప్రశ్న. డచ్చివాడికి అది ఫిర్యాదు. మనకు పొగడ్త! 'డాక్టరుగారు బాగా తిట్టారండీ' అని సంబరంగా చెప్పుకునేవాళ్లని నేను ఎంతమందిని చూశానో. తిట్టారంటే మనవాణ్ణనుకున్నారన్నమాట. తిట్టని డాక్టరు డబ్బు కోసం చూసే డాక్టరు. మరి మనావిడ 'చాలా చెప్పారు' అని గర్వంగా టిక్కు పెడితే, ఆ ఫిజియోకి మార్కులు తగ్గుతాయి.

'మన సంస్కృతి వేరు, మనకు చెప్పడమే పనిచేస్తుంది, ఈ అడగడాలూ గిడగడాలూ తెల్లవాళ్లకే' అని తేల్చెయ్యడం తేలిక. నేనలా తేల్చను. తిట్టించుకుని సంతోషించడం వేరు, ఇంటికెళ్లి నడవడం వేరు. తిట్టిన డాక్టరుని మెచ్చుకున్న అదే నోరు 'నడుస్తున్నారా' అంటే 'అలాగేనండీ' అంటుంది. అలాగని ఆ ప్రశ్నని గుడ్డిగా ఉంచేసి మార్కులు కొయ్యడమూ సరికాదు. కొన్ని సంగతులు చెప్పే తీరాలి. మోకీలు మార్చాక నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చోవచ్చా లేదా అన్నది పేషెంటు మనసులోంచి రాబట్టాల్సిన విషయం కాదు. మిల్లర్ పద్ధతిలో కూడా సమాచారం చెప్పకూడదని లేదు, 'దీని గురించి నాకు తెలిసింది చెప్పమంటారా?' అని ముందు అడగమంటారు, అంతే. అంచేత తెలుగు ప్రశ్నని రెండుగా చీల్చాలని నా అభిప్రాయం. మీకు తెలియని సంగతి తెలిసేలా చెప్పారా? మీకు కుదురుతుందా లేదా అని అడక్కుండానే చెయ్యమన్నారా? మొదటిదానికి అవునంటే మంచిది, రెండోదానికి అవునంటే చెడ్డది. ఇలా చీల్చింది పనిచేస్తుందో లేదో మళ్లీ పేషెంట్ల దగ్గరే కూర్చుని, 'ఈ ప్రశ్న వినగానే మీకేమనిపించింది, పైకే చెప్పండి' అని పదిమందిని అడిగితే గానీ తెలియదు. కొలబద్ద చేసేవాళ్లు ముందు చెయ్యాల్సిన పని అది.

మా పెద్దమ్మకి రెండు మోకాళ్లూ మార్చారు. పెద్ద ఆస్పత్రే, పేరెందుకు. డిశ్చార్జి రోజున వ్యాయామాల బొమ్మలున్న కాగితం ఇచ్చారు. బొమ్మల కింద రాతంతా ఇంగ్లిషు. దాన్ని మా అన్నయ్య ఫ్రిజ్‌కి అంటించాడు. ఫీడ్‌బ్యాక్ ఫారం కూడా వాడే నింపాడు. బిల్లింగ్ కౌంటర్ దగ్గర, ఇన్సూరెన్స్ వాళ్ల అప్రూవల్ కోసం నాలుగు గంటలుగా ఎదురుచూస్తూ, ఒక చేత్తో ఫోన్ మాట్లాడుతూ. గది శుభ్రత, బాగుంది. భోజనం, బాగుంది. కౌన్సెలింగ్, బాగుంది. పెద్దమ్మ అప్పటికి వీల్‌చెయిర్‌లో లిఫ్ట్ దగ్గరుంది. ఆవిడకి కావాల్సింది డాబా మీదకెక్కి వడియాలు పెట్టుకోవడం. ఆ మాట ఆస్పత్రిలో ఎవరూ అడగలేదు, ఆవిడ చెప్పలేదు. 'వాళ్లకెందుకే నా వడియాల గోల' అంది తర్వాత. ఆ ఫారంలో ఆవిడ జవాబు ఒక్కటీ లేదు.

ఇది మా ఇంటి సంగతే కాదని మీకూ తెలుసు. మన దగ్గర పేషెంటుని అడగడమంటే అటెండెంట్‌ని అడగడం. సంతకం పెట్టేది వాళ్లు, జవాబు చెప్పేది వాళ్లు. పేషెంటుకి నోరున్నా లేనట్టే లెక్క. ఇక నిజంగానే మాట పడిపోయినవాళ్లుంటారు. చాలామందికి భాషని నడిపేది మెదడులో ఎడమ భాగం. అక్కడ దెబ్బ తగిలితే కుడి కాలూ చెయ్యితో పాటు మాట కూడా దెబ్బతినొచ్చు. వాళ్లు పదహారు ప్రశ్నలు చదివి నాలుగు గడుల్లో టిక్కు పెట్టగలరా? సర్వేల్లోంచి ముందుగా జారిపోయేది వీళ్లే. అందరికంటే ఎక్కువ ఓపికతో మాట్లాడాల్సింది కూడా వీళ్లతోనే. బొమ్మలు చూపించో, ఒక్కో ప్రశ్నకి అవును కాదు అని తల ఊపించో అడగొచ్చు. టైము పడుతుంది. పట్టనివ్వండి.

ఎప్పుడు అడగాలన్నదీ చిన్న విషయం కాదు. డిశ్చార్జి రోజున అడిగితే ఇంటికెళ్తున్న సంతోషమే మాట్లాడుతుంది. మూడు వారాలాగి, ఆ ఫిజియో కాకుండా వేరే మనిషి ఫోన్ చేసి అడిగితే కొంత నిజం వస్తుంది. 'మీరు చెప్పింది ఆ అమ్మాయికి చెప్పం' అని ముందే మాటివ్వాలి. ఆ మాట నిలబెట్టుకోవాలి కూడా. తక్కువ మార్కులొచ్చిన ఫిజియోని పిలిచి 'కౌన్సెలింగ్' ఇస్తే (మొదట్లో చెప్పుకున్న స్టేషన్ రకం) మర్నాటి నుంచి ఆవిడే దగ్గరుండి ఫారాలు నింపిస్తుంది.

ఇన్నీ చేసి మాటకి మంచి మార్కులొచ్చాయనుకోండి. మనిషి నడుస్తాడా? అది వేరే లెక్క, వేరేగా కొలవాలి. మాట బాగుంది, నడక పెరగలేదు అంటే కౌన్సెలింగ్ దండగ అనుకోకండి. ఇంకెక్కడో అడ్డం ఉందన్నమాట. వాకర్ పట్టుకుని మన వీధిలోకి వెళ్లి చూడండి. ఫుట్‌పాత్ ఉండదు. ఉన్నచోట దాని మీద బళ్లుంటాయి. బళ్లు లేనిచోట మూత లేని మ్యాన్‌హోల్ ఉంటుంది. వీధికుక్కలు సరేసరి. ఎంత చక్కగా మాట్లాడినా ఫిజియో ఆ మ్యాన్‌హోల్ మూయలేరు. అది మూయించాల్సింది ఆ ఇంకో కౌన్సిలరు! కానీ ఆ అడ్డం ఏమిటో ముందు పేషెంటు నోటి నుంచే రావాలి. అడిగినవాళ్లకే చెప్తారు. రెండు కొలతలూ పక్కపక్కన పెట్టుకుంటేనే మాట తప్పా, మెట్టు తప్పా, వీధి తప్పా అన్నది తేలుతుంది.

ఈసారి మీ ఇంట్లోవాళ్లు డిశ్చార్జి అయ్యేటప్పుడు ఆ ఫారం మీ చేతికొస్తే, పెన్ను మంచం మీదున్న మనిషికివ్వండి. చెయ్యి కదలకపోతే మీరే రాయండి. 'బాగానే ఉందని రాసెయ్ రా' అంటారు, తప్పకుండా అంటారు. అప్పుడు ఫారం పక్కన పెట్టి, 'నడక గురించి నీతో ఏం మాట్లాడారమ్మా?' అని అడిగి చూడండి. గుర్తు తెచ్చుకుని చెప్తారా, లేక 'ఏదో చెప్పారులే' అంటారా? ఏదంటే అది, అదే మాటల్లో కింద ఖాళీ జాగాలో రాసివ్వండి.